ఆపరేషన్ జున్నుపాలు

"ఆవు ఈనిందా?"

"ఈనింది సార్. ఆరింటికి. పెయ్యదూడ."

ఢిల్లీ నుంచి అడుగుతున్నది చీఫ్ జగన్నాధం. రాజాం దగ్గర ఒక పల్లెలో, పశువుల పాక వెనక నిలబడి జవాబు చెబుతున్నవాడు ఏజెంట్ ఇమ్మానుయేలు. యాభై ఏడేళ్లు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. రెండు నెలలుగా ఆవులకు సూదులేసే గోపాలమిత్ర వేషం. ఒకప్పుడు సింగపూర్‌లో సూటు తొడుక్కుని తిరిగిన మనిషి, ఇప్పుడు ఒంటినిండా పేడ వాసన. ఏం చేస్తాం, ఖర్మ.

"బ్రీఫింగ్ మళ్లీ చెబుతా విను."

"వద్దు సార్, కంఠతా వచ్చు."

అయినా చెప్పాడు. చీఫులకు అదొక జబ్బు. శ్రీకాకుళంలో ఒక పిల్లల వార్డు. మందులకు లొంగని విరేచనాలతో తొమ్మిది మంది పసిపిల్లలు. ఆ క్రిమిని చంపి, చూడి ఆవుకు టీకాగా ఎక్కించారు. ఆవు ఒంట్లో యాంటీబాడీలు పుట్టి, ఈనగానే వచ్చే తొలి పాలలోకి చిక్కగా దిగుతాయి. ఆ పాలు మధ్యాహ్నం పన్నెండులోపు పచ్చివిగా, చల్లగా వార్డుకు చేరాలి. పొయ్యి మీద కాగాయా, యాంటీబాడీలు ఖతం. అదే జబ్బుకు ఖరీదైన మందు అమ్ముకోవాలని కాచుకున్న విదేశీ ముఠా ఈ పాలను దారిలోనే మాయం చెయ్యాలని చూస్తోంది.

ఇదంతా టాప్ సీక్రెట్. ఆవు యజమానురాలు లక్ష్మణమ్మకు మాత్రం ఏదో కంపెనీ పాలు కొంటుందని చెప్పారు.

తొమ్మిదింటికి కారు ఆగింది. టీకా టీమ్‌లోని డాక్టర్ షీబా దిగింది. నల్ల కళ్లద్దాలు, గంజి పెట్టిన కాటన్ చీర.

"ఆవుకి తవుడు పెట్టారా?" అంది. కోడ్ సరిపోయింది.

"పెట్టాం, ముట్టలేదు."

లక్ష్మణమ్మ నింపి ఉంచిన ఐస్ క్యాన్ తెచ్చి ఇచ్చాడు. క్యాన్ అడుగున ట్రాకర్.

"బాగా అలిసిపోయారు సర్, కాస్త పడుకోండి," అని నవ్వింది. ఆ నవ్వుకి ఇమ్మానుయేలు ప్రాణం లేచొచ్చింది. ఈ వయసులో సిగ్గైనా ఉండాలి!

పావుగంటలో ఢిల్లీ ఫోన్ మోగింది. "షీబా డబుల్ ఏజెంట్! ట్రాకర్ శ్రీకాకుళం కాదు, కొత్తవలస వైపు పోతోంది. క్యాన్ ఎవరిచ్చారు?"

"నేనే సార్."

ఇమ్మానుయేలు గడప మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ల సర్వీసు చేసి, తొమ్మిది ప్రాణాలు తన చేత్తో తనే అప్పగించాడు. ఏడుపొచ్చింది. దాచుకునే ఓపిక కూడా లేక ఏడ్చేశాడు.

లక్ష్మణమ్మ కంగారుగా వచ్చింది. "ఏటయినాది బావూ? ఎవులైనా పోయారేటి?"

"పాలు పోయాయమ్మా. సావుబతుకుల్లో ఉన్న పసిపిల్లలకి పట్టాల్సిన పాలు." టాప్ సీక్రెట్ గంగలో కలిసింది.

"ఓలమ్మో! పసిబిడ్డలకా? ముందే సెప్పకూడదేటి! కంపినీకి అమ్మకమన్నావు. జున్నుపాలు అమ్ముకుంటే పాడి నిలవదు బావూ. మా అత్త ఏనాడూ అమ్మనేదు. అందుకే డబ్బాలో మా పాత ఆవు పాలు పోసినాను."

ఇమ్మానుయేలు కళ్లు తుడుచుకున్నాడు. "మరి జున్నుపాలు?"

"ఈదిలో పంచీసినాను. పన్నెండిళ్లకి."

"పొయ్యి మీద పెట్టేశారేమో!"

"జున్నుకి పొయ్యెక్కించక మరేటి సేత్తారు?"

అరిగిన మోకాళ్లు పరుగెత్తాయి. ముందు లక్ష్మణమ్మ, వెనక ఖాళీ బిందెతో భారత ప్రభుత్వం. "ఒసే దేవీ, పొయ్యార్పే!" అని పక్కింటికేసి ఆవిడ అరిచిన అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. రెండిళ్లలో అప్పటికే బెల్లం కలిపేశారు. తొమ్మిదిళ్లలో పాలు పచ్చిగానే దొరికాయి. చివరిది చేపల జోగయ్య ఇల్లు. గిన్నె పొయ్యి మీదుంది, చేతిలో లైటరుంది.

"ఇచ్చిన జున్నుపాలు ఎనక్కడుగుతారేటి? మాకు మర్యాద నేదా?" అని గిన్నెకి అడ్డం నిలబడ్డాడు.

"ఒరే జోగీ, పసిబిడ్డల పేణాలురా!" అంది లక్ష్మణమ్మ.

జోగయ్య లైటరు పక్కన పడేశాడు. మరో మాట లేకుండా చేపల పెట్టె కడిగి, నిండా ఐసు పోసి, మధ్యలో బిందె దింపి మూత బిగించాడు. మోపెడ్ తీసి, "ఎక్కు బావూ," అన్నాడు.

పదకొండు యాభై ఎనిమిదికి ఇద్దరూ వార్డు మెట్లెక్కారు. సిస్టర్ స్వర్ణ ముక్కు మూసుకునే బిందె అందుకుంది. ల్యాబ్‌లో వడకట్టి, పరీక్ష చేసి, చెంచాలతో పట్టారు.

మర్నాడు సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. ఇమ్మానుయేలు వార్డు వరండాలోనే ఉన్నాడు.

"షీబాని కొత్తవలస స్టేషన్లో పట్టుకున్నాం. ముఠా కూడా దొరికింది. క్యాన్‌లో మామూలు పాలు పోయించావే, అద్భుతమయ్యా! ఎవరి ప్లాన్?"

"లక్ష్మణమ్మ అత్తగారిది సార్."

"ఏ డిపార్ట్‌మెంట్?"

ఇంతలో లోపల్నుంచి స్వర్ణ తొంగిచూసి, "నిన్నటిదాకా కళ్లు కూడా తెరవలేదండీ, ఇప్పుడు వీళ్ల ఏడుపులకి చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని నవ్వింది.

"ఏమిటక్కడ ఆ గోల?" చీఫ్ గొంతు మారింది. "లైన్ సెక్యూరేనా? ఎంతమంది వింటున్నారు?"

"తొమ్మిది మంది సార్," అన్నాడు ఇమ్మానుయేలు, ఫోన్ వార్డు వైపు తిప్పి పట్టుకుని. "ఒక్కడూ నోరు మూసేలా లేడు."