నాలుగో వరుస

నేను చిత్తూరులో వయొలిన్ పాఠాలు చెప్పుకుంటాను. మా గురువు యతిరాజులు అయ్యవారు పోయి తొమ్మిది రోజులైంది. ఆయన కట్టిన పాటను ఎల్లుండి సంస్మరణ సభలో శిష్యులమంతా కలిసి వాయించాలి. అందుకే తిరుపతిలో అయ్యవారింటి ముందుగదిలో కూర్చుని, ఆయన నోటుపుస్తకంలోని స్వరాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. కంప్యూటరే వాయించే మిడి ఫైలుగా తీసి పంపితే అందరూ వింటూ సాధన చేసుకుంటారు. మధ్యాహ్నం మూడే అయినా మబ్బు పట్టి గది చీకటిగా ఉంది. తడిసిన గోడల వాసన.

అయ్యవారికి ఒక అలవాటు. ప్రతి పాటలో ఒక వరుసను కావాలనే తప్పుగా రాసేవారు. పుస్తకం దొంగ చేతికి పోయినా పాట పోకూడదట. అసలు వరుస నోటితోనే చెప్పేవారు. ఈ పాటలో నాలుగోది నాకు చెప్పి, "నీకు తప్ప ఎవురికీ చెప్పలేదు నారాయణీ" అన్నారు. పదిహేడేళ్లుగా ఆ మాటే నా ఆస్తి. దాని బలంతోనే పెద్ద శిష్యుల ముందు తలెత్తుకు తిరిగాను. గురువు పోయాక దాచుకోవడం పాపమని, ఇవాళ దాన్ని అందరికీ ఇచ్చేస్తున్నాను.

ఫైలు తీసి, పెట్టుకుని విన్నాను. మూడు వరుసలు సరిగ్గా వచ్చాయి. నాలుగోది... నాది కాదు. పుస్తకంలోదీ కాదు.

తెర మీద చూస్తే నేను రాసిన స్వరాలే ఉన్నాయి. మిడిలో గొంతూ ఉండదు, ఊపిరీ ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న వివరమే ఉంటుంది. మనం రాసిందే పలుకుతుంది. ఫైలు చెరిపి మళ్లీ తీశాను. మళ్లీ అదే. పైగా పాటకు చక్కగా అతికింది. దాని ముందు నా వరుస ఎబ్బెట్టుగా తోచింది.

గుమ్మంలో అయ్యవారి భార్య అమృతవల్లమ్మ నిలబడి ఉంది.

"ఎవురు వాయిస్తా ఉండేది?" గుసగుసగా అడిగింది.

"కంప్యూటరమ్మా. అయ్యవారు నాకు చెప్పింది ఇది కాదు."

"నాకు చెప్పిందీ ఇది కాదు."

"మీకూ చెప్పినారా?"

"'నీకు తప్ప ఎవురికీ చెప్పలేదు' అన్నారు."

ఆమె సన్నగా తన వరుస పాడింది. అది మరొకటి.

నమ్మించి గొంతు కోశారు. ఇద్దరికీ, ఒకే మాటతో. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

కంప్యూటర్లో ఈపాటికి పాట అయిపోవాలి. కాలేదు. నాలుగో వరుస మళ్లీ మొదలైంది... నిదానంగా. తర్వాత ఒక వరుస మేర నిశ్శబ్దం. మళ్లీ అదే వరుస. అయ్యవారు పాఠం చెప్పేది అలాగే. తాను వాయించి, మా వంతు కోసం ఆగేవారు.

"ఆపు తల్లీ," అంది అమృతవల్లమ్మ.

ఆపే బటన్ నొక్కాను. ఆగలేదు.

మూడోసారి ఆ ఖాళీలో కంప్యూటర్లోంచే జవాబు వచ్చింది. మెత్తగా... తడబడుతూ, ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టు. ఒక స్వరం తప్పింది. ఆ ఒక్క స్వరమే తిరిగి వినిపించింది. ఒకసారి. రెండుసార్లు. పదిహేడేళ్లలో నన్ను ఆయన ఒక్కసారీ అంత ఓపికగా దిద్దలేదు.

ఈసారి జవాబు తప్పు లేకుండా వచ్చింది.

మాకు తెలిసి ఆ పాటకు నాలుగే వరుసలు. కాసేపాగి, ఐదోది మొదలైంది.