మూడేండ్ల ఎరుక

రాజేశ్వరి ఈ మాట ఇంతవరకూ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. తన సివిల్ సర్వీసు దరఖాస్తు మీద ఆకుపచ్చ సిరాతో ఉన్న సంతకం చచ్చిపోయిన మనిషిది. పెట్టింది తను.

రాసుకోవడం మాత్రం రాసుకుంది. తల్లి నిద్రపోయాక, కందిలి వత్తి తగ్గించి, రూళ్ల నోటుబుక్కులో ఎన్నోసార్లు రాసింది. ప్రతిసారీ ఒకేచోట కలం ఆగిపోయేది. సంతకం దగ్గర కాదు. తారీఖు దగ్గర.

అది డెబ్బై ఏడు, ఎండలు ముదురుతున్న రోజులు. కొత్తవాడలో వాళ్లది రెండర్రల ఇల్లు. ముందరి అర్రంతా జంపఖానా మగ్గమే. తండ్రి పోయాక మగ్గం మీద తల్లి యాకమ్మ కూర్చుంది, రాజేశ్వరి తొమ్మిదో తరగతిలో బడి మానేసి కండెలు చుట్టడానికి కూర్చుంది. ఆ కండెలు చుడుతూనే మెట్రిక్ నుంచి బి.ఏ. దాకా అన్నీ ప్రైవేటుగా కట్టి పాసైంది. అట్టలు ఊడిన లైబ్రరీ పుస్తకాలు, కిరాణా పొట్లాలు విప్పితే వచ్చే ఇంగ్లీషు పేపరు ముక్కలు, అవే ఆమెకు బడి. "నాకు ఎవ్వలు చెప్పలే. నేనే చదువుకున్న" అనేటప్పుడు మెడ కొంచెం పైకి లేచేది. ఆమెకున్న ఆస్తి ఆ ఒక్క మాటే. ఆ ఏడు దాటితే పరీక్షకు వయసు మించిపోతుంది.

ఫారం నింపడం కష్టం కాలేదు. చిక్కంతా సంతకాల దగ్గరే. సర్టిఫికెట్ల నకళ్ల మీద, ఫోటో మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. ఇంకో కాగితం మీద ఆయనే రాసివ్వాలి: 'ఈమెను గత మూడు సంవత్సరాలుగా స్వయంగా ఎరుగుదును. నడవడి మంచిది.' జంపఖానాలు నేసే ఇంటి పిల్లకు ఏ ఆఫీసరు ఎరుక? ఒక లెక్చరరు తల కూడా ఎత్తకుండా "నువ్వెవరో నాకు తెల్వదమ్మా" అన్నాడు. ఇంకో ఆఫీసులో మూడు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టి, నాలుగో రోజు సారు క్యాంపుకు పోయాడన్నారు.

చివరికి పక్కింటి మల్లక్క గోడ మీంచి చెప్పింది. "పశువుల డాక్టరు గూడ గెజిటెడేనటనే పిల్లా. ఊరవతలి దవాఖానల సారంగపాణి సారు మంచోడట. అడిగి చూడు, పోయేదేమున్నది?"

పోస్టులో వేయడానికి ఆఖరు రోజు బుధవారం. రాజేశ్వరి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. దవాఖాన ఆవరణలో ఒక్క పశువు లేదు. ఫినాయిలు, అయోడిన్, ఎండిన పేడ కలిసిన వాసన ముక్కుకు పట్టేసింది. వరండాలో అటెండరు మొగిలయ్య గోడకు ఆనుకుని బీడీ తాగుతున్నాడు.

"ఎవలు బిడ్డా నువ్వు? ఎన్నడు చూడలే."

"సారు సంతకానికి అచ్చిన కాకా."

"సారు సోమారం రాత్రే పోయిండు. గుండె ఆగింది. నిన్న దహనం గూడ అయిపోయింది."

రాజేశ్వరికి ముందు కలిగింది జాలి కాదు. పోస్టాఫీసు ఎన్నింటికి మూస్తారా అన్న గాబరా. ఆ తరవాత మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మొగిలయ్య బీడీ ఆర్పాడు.

"ముద్ర సొరుగులనే ఉన్నది. పెన్ను గూడ. సారు బతికుంటే పెట్టేటోడే గదా." అటూ ఇటూ చూసి లేచాడు. "నేను పోయి జర చాయ తాగొస్త. నేనేం చూడలే."

గదిలో కుర్చీ కొద్దిగా వెనక్కి జరిపి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. టీకాల రిజిస్టరులో ఆయన సంతకం చూసి, పాత కాగితం మీద పదిసార్లు దిద్దుకుంది. తరవాత అసలు వాటి మీద పెట్టింది. మూడేళ్ల ఎరుక కాగితం దగ్గరికి వచ్చేసరికి కిటికీ బయట ఎద్దు రొప్పిన చప్పుడు వినిపించింది. తలెత్తి చూసింది. ఆవరణ ఖాళీగానే ఉంది. సంతకం కింద తారీఖు వేసి, ముద్ర గుద్ది, పోస్టాఫీసుకు పరుగెత్తింది.

రిజిస్టరీ రసీదు చేతికి వచ్చాక, దాని మీది తారీఖు చూసినప్పుడు తెలిసింది చేసిన తప్పు. వేయాల్సింది సోమవారం తారీఖు. తను వేసింది ఆ రోజుది.

సోమవారం చచ్చిపోయిన మనిషి బుధవారం కుర్చీలో కూర్చుని, రాజేశ్వరిని తను మూడేళ్లుగా ఎరుగుదునని రాసిచ్చాడు.

వానలు పడ్డాక మల్లక్క గోడ మీంచి పిలిచింది. "ఏమే కలెక్టరమ్మా! నీ గురించి ఎవలో సారు అడిగిపోయిండు. గవర్నమెంటు ఎంక్వయిరీ గావచ్చు. ఎన్నింటికి లేస్తవు, ఏం బుక్కులు చదువుతవు, అన్నం తినుకుంట ఎడమచేత్తోని పేజీలు తిప్పుతవా అని గూడ అడిగిండు. అన్ని మంచిగనే చెప్పిన, ఫికర్ జెయ్యకు. నౌకరి అచ్చినంక మా ఆయనకు ఏదన్న ఆఫీసుల చప్రాసి పని ఇప్పియ్యి."

"ఎట్లున్నడు మనిషి?"

"మోకాళ్ల దాక రబ్బరు బూట్లు. వానకు తడిసినట్టున్నడు, ఒకటే గొడ్ల వాసన."

రాజేశ్వరి ఆ రోజు అన్నం ముట్టలేదు. అదే వారంలో లైబ్రరీ ఆయన కూడా, ఒక సారు వచ్చి ఆమె తీసుకున్న పుస్తకాల పేర్లన్నీ రాసుకుపోయాడని చెప్పాడు.

పది రోజులయ్యాక ఉండబట్టలేక మల్లక్కను అడిగింది. "గా సారు మల్ల అచ్చిండా?"

"ఏ సారు? డాక్టరు సారా?" మల్లక్క చాట పక్కన పెట్టింది. "కొత్తగ అడుగుతానవేందే? మూడేండ్ల సంది బుధారం బుధారం అచ్చి, మీ లోపలర్రల కూసుండి నీకు పాఠం చెప్పలేదా?"

"మజాక్ చెయ్యకు మల్లక్కా."

మల్లక్క నవ్వలేదు. ఆమెకేసి వింతగా చూసింది. "సదువు చెప్పినోన్ని గట్ల మరిచిపోతరానే?"

లైబ్రరీ ఆయనా అదే అన్నాడు. మీ సారు పేరు మీదే గదమ్మా నీకు పుస్తకాలిచ్చేది, అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఆయనతో ఒక్కసారి మాట్లాడినవాళ్లకు ఆయన మూడేళ్ల కిందటి నుంచీ ఉన్నట్టే అయిపోతున్నాడు. ఇంటికి పోయి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, ఏ సారు అచ్చినా మాట్లాడకు. తలుపు తియ్యకు. నా మీద ఒట్టు." యాకమ్మ ఏమీ తెలియక ఒట్టు వేసింది.

పరీక్ష హైదరాబాదులో. తెల్లవారుజాము రైలుకు పోయింది. పొడుగాటి హాలు, పైన గరగరమనే పంకాలు. జనరల్ నాలెడ్జి పేపరులో పశువుల గాలికుంటు జబ్బు గురించి ఒక ప్రశ్న ఉంది. రాజేశ్వరి దాన్ని ఏనాడూ చదవలేదు. వదిలేద్దామనుకుంది. కలం వదల్లేదు. ఎద్దు నోరు ఎట్లా తెరవాలో, నాలుక కింద పుండు ఎట్లా ఉంటుందో, చొంగ ఎంత జిగటగా వేళ్లకు అంటుకుంటుందో... రెండు పేజీలు రాసింది. వాళ్లింట్లో మేకపిల్ల కూడా లేదు. రాయడం ఆపి, ఎవరూ చూడకుండా వేళ్లు వాసన చూసుకుంది.

చేతిని చీరకు తుడుచుకుని తరవాతి ప్రశ్నకు పోయింది.

వేసవి ముందర ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. రాత పరీక్ష పాసైంది. ఇంటర్వ్యూకు రావాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని రావాలి. కొత్తవాడంతా పండగ. మల్లక్క బెల్లం పంచింది. రాజేశ్వరికి మాత్రం ఒక్కటే మాట పురుగులా తొలిచింది. పాసైంది ఎవరు?

ఆ మధ్యాహ్నమే పశువుల దవాఖానకు పోయింది. నిజం తెలిసిన మనిషి మొగిలయ్య ఒక్కడే.

"కాకా, గా బుధారం... ముద్ర సంగతి యాదికున్నదా?"

వరండా కడుగుతున్న మొగిలయ్య చీపురు ఆపాడు. "ఏ బుధారం బిడ్డా? ప్రతి బుధారం అచ్చేదానివే గదా. నువ్వు గొడ్డు దవడ పట్టుకుంటే సారు సూది ఇచ్చేటోడు. సచ్చిపోయే ముందట నీ కాయితాలన్ని తనే సంతకం పెట్టి పోయిండు. నా పిల్ల కలెక్టరైతది అని ఒకటే చెప్పుడు."

"ఎవలు బిడ్డా నువ్వు అన్నవు గదా ఆనాడు!"

"నేనా?" మొగిలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "గట్లెందుకంట తల్లీ?"

ఇక భయం లేదు. ఆ దొంగ సంతకం తెలిసినవాడు లోకంలో లేడు. హాయిగా ఢిల్లీ పోవచ్చు. కానీ వత్తి తగ్గించిన కందిలి ముందు ఒక్కతే కూర్చుని చదివిన మూడేళ్లూ ఏమైనట్టు? అవి ఎవరివి? కాళ్లు ఈడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. కరెంటు లేదు. యాకమ్మ మగ్గం మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా... ఎవలన్న అచ్చిండ్రా?"

"ఎవ్వలు రాలే."

రాజేశ్వరి ఊపిరి వదిలింది.

"సారు తప్ప," అంది యాకమ్మ. "లోపల కూసున్నడు. ఎప్పటి సంది చూస్తాండో. చాయ గూడ పెట్టిచ్చిన."

లోపలి అర్ర చీకటి. గుమ్మం దాటి ఫినాయిలు వాసన వస్తోంది. దాని వెనక తడిసిన తోలు వాసన. ఎవరో కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతున్నారు. తిప్పుతున్నారు... ఆగారు.

"రాజేశ్వరీ..."

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఒరిజినల్స్ తే బిడ్డా. చూడాలె గదా..."

"తెస్తాన సార్."

ఆ గొంతు తనదే. బెరుకు లేదు అందులో. ఏళ్ల తరబడి పలికిన మాటలా ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. మూసుకున్నా లోపల ఏదో తెరుచుకుంది... వాన పడుతున్న ఒక బుధవారం. ఇంగ్లీషు వాక్యం కింద గీత గీస్తున్న అయోడిన్ మరక పట్టిన గోరు. తప్పు చదివితే చిన్నగా నవ్వే ఒక పెద్దమనిషి. ఎంత హాయిగా ఉంది. ఎంత ఇష్టంగా ఉంది.

ఆ హాయికే భయపడి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది.

కూడలి దాకా వచ్చి ఆగింది. ఆలోచించింది. ఇంకా ఎవరున్నారు? సారంగపాణి భార్య సుగుణమ్మ. హన్మకొండలో ఉంటుందని ఆనాడు దవాఖానలోనే విన్నది. ఆయన ప్రతి బుధవారం ఎక్కడ ఉండేవాడో ఆమె ఒక్కతే చెప్పగలదు. కానీ అడగాలంటే తను ముందు చేసింది చెప్పాలి. చెబితే ఇంటర్వ్యూ పోతుంది. కేసవుతుంది. వయసు అయిపోయింది, మళ్లీ పరీక్ష లేదు, మళ్లీ కండెలే. చెప్పకపోతే... పొద్దుటికి తనకూ ఆ మూడేళ్లు నిజమే అయిపోతాయి. అప్పుడు ఒప్పుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

బట్టల దుకాణం నర్సయ్య సేటు పెట్రోమాక్సు ముందు గుడ్డ తానులు చుడుతున్నాడు. ఆ గల్లీకంతా ఫోన్ ఉన్నది అక్కడొక్కచోటే.

"ఏం కలెక్టరమ్మా, కాళ్లకు చెప్పులు లేకుంట? ఎవలింటికి ఫోన్?"

"హన్మకొండ. సారంగపాణి డాక్టరు ఇంటికి."

"నంబరు ఎరుకేనా? పుస్తకంల చూడాల్నా?"

"ఎరుకే," అంది రాజేశ్వరి. చెప్పింది కూడా. ఒకదాని తరవాత ఒకటి, నాలుగంకెలు, తడుముకోకుండా.

ఆ నంబరు ఆమె ఎన్నడూ ఎవరినీ అడగలేదు. ఎక్కడా చూడలేదు. ఆ ఇంట్లో ఫోన్ ఉంటుందనుకోవడం కూడా ఊహే.

నర్సయ్య అనుమానంతో పుస్తకం తెరిచి, వేలు పెట్టి ఒక్కొక్క పేరే దిగాడు. వేలు ఆగింది.

"కరెక్టే."

రాజేశ్వరి వెనక్కి తిరిగి తన గల్లీ వైపు చూసింది. చీకటి. మళ్లీ ఫోన్ వైపు చూసింది.

"ఇటియ్యి సేటూ," అంది. "నేనే చేస్త."