సగంలో ఆగిన మాట

ఆ హాల్లో ఏడాదికోసారి, వారం రోజులపాటు, మధ్యాహ్నం ఆటకి ఆ పాత నలుపు తెలుపు యుద్ధం సినిమా వేస్తారు. యుద్ధం పేరుకే. కథంతా ఒక సైనికుడిదీ, అతని కోసం ఎదురుచూసే పిల్లదీ. అతను తిరిగి రాడని చూసేవాళ్ళందరికీ తెలుసు. అయినా అరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు. తాతలు చూశారు, ఇప్పుడు మనవలు చూస్తున్నారు.

వానలో రైలు కదులుతుంది. అతను తలుపు దగ్గర నిలబడి "వెళ్ళొస్తా" అంటాడు. పిల్లకి ఏడుపు గొంతుకడ్డం పడి మాట పెగలదు. అప్పుడు హాలు హాలంతా ఆమె బదులు "వెళ్ళిరా!" అంటుంది. ఆ అలవాటు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క మాట అనడానికే వచ్చేవాళ్ళున్నారు.

గేటు దగ్గర టికెట్లు చించే ఆవిణ్ణి అందరూ గేటత్త అంటారు. ఆమె భర్త ముప్ఫై ఏళ్ళు పైగదిలో సినిమా వేసే మిషను నడిపాడు. నాలుగు నెలల క్రితం పోయాడు. ఆయన్ని గుమ్మం దాటిస్తుంటే, రోజూ పనికి పంపినట్టే, ఆమె నోట అలవాటుగా "వెళ్ళి..." అని వచ్చింది. ఆడపడుచు గబుక్కున ఆమె నోరు మూసింది.

"పోయినవాళ్ళని రమ్మంటారుటే ఎవరైనా?"

'రా' ఆ అరచేతి కిందే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళు కలిసి బతికిన మనిషిని ఉత్త 'వెళ్ళు' అని పంపానే అని ఆమె బాధ. దేవుడి ముందు దీపం పెట్టినా, అన్నం ముద్ద నోట పెట్టినా, ఆ ఒక్క అక్షరం చేపముల్లులా గొంతులో గుచ్చుకునేది.

ఆ ఏడు సినిమా వేసిన వారంలో చివరి రోజున ఒక్క టికెట్టూ తెగలేదు. ఇప్పుడు మిషను నడిపేది మరిదే. పైకిటికీలోంచి తొంగిచూశాడు.

"ఆపేద్దామా వదినా?"

"వెయ్యవయ్యా. నేను చూస్తా."

"ఒక్కదానివేనా? అరవై ఏళ్ళుగా రానివాడు ఇవాళ నీకోసం వస్తాడా ఏంటి?"

"వస్తే టికెట్టడుగుతాలే. నువ్వు రీలు సరిగ్గా చూసుకో."

మరిది నవ్వుతూ దీపాలార్పాడు. ఆమె మధ్య వరసలో కూర్చుంది. చుట్టూ ఖాళీ కుర్చీలు, మనిషి లేవగానే వాటంతటవే మడుచుకునే రకం. దుమ్ము వాసన, పాత దూది వాసన. పైన మిషను గరగరమంటోంది. ఆ చప్పుడు వింటే ఆయన అక్కడే ఉన్నట్టుంటుంది. అందుకే వచ్చింది. ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు.

రైలు కదిలింది. "వెళ్ళొస్తా" అన్నాడతను.

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుని, పోయిన మనిషిని మనసులో నిలుపుకుని, ఈసారి మాట మింగకుండా అనేసింది.

"వెళ్ళిరా!"

వెనక గోడకి తగిలి ఆ మాట తిరిగొచ్చింది. "...రా."

సంగీతం ఆగిపోయింది. వాన చప్పుడొక్కటే మిగిలింది...

పక్క కుర్చీ కిర్రుమని కిందికి దిగింది.

తడిసిన ఉన్ని వాసన. బొగ్గుపొగ వాసన. ఆమె కళ్ళు తెరవలేదు.

"వచ్చావా?" అంది గుసగుసగా.

"వచ్చా."

చల్లటి చెయ్యి ఆమె కుడిచేతి మీద వాలింది. భగవంతుడా, ఎన్నాళ్ళకి! నాలుగు నెలల తర్వాత తనని ముట్టుకున్న మొదటి చెయ్యి అది. వేళ్ళతో తడుముకుంది. మిషను దీపం వేడి తగిలి తగిలి ఆయన బొటనవేలు పక్కన కాయ కాసి ఉండేది. అది... లేదు. నున్నటి అరచెయ్యి. కుర్రవాడి చెయ్యి.

"ఎవరు నువ్వు?"

"పిలిచావుగా."

ఆ గొంతు ఆమెకి తెలుసు. ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

కళ్ళు తెరిచి తెర వైపే చూసింది. పక్కకి చూసే ధైర్యం లేదు. రైలు తలుపు దగ్గర ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం మీద పిల్ల రైలు వంక చూడటం లేదు. హాల్లోకి చూస్తోంది. తిన్నగా ఈ వరసలోకే. పెదవులు కదులుతున్నాయి... మాట వినిపించడం లేదు.

"నిన్ను కాదు బాబూ... నేను పిలిచింది మా ఆయన్ని..."

"ఆయన వెళ్ళిపోయాడు," అంది ఆ గొంతు జాలిగా. "నువ్వే వెళ్ళమన్నావు."

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. చెయ్యి లాక్కోబోయింది. రాలేదు. పట్టు బిగిసింది. తెర మీద పిల్ల ఒక్కడుగు ముందుకి వేసింది. ఇంకొకటి... ఆ పిల్ల మొహం తెరంతా నిండింది.

"వెళ్ళు నాయనా," అంది గేటత్త. "నీ పిల్ల దగ్గరికి వెళ్ళు." ఈసారి 'రా' అనలేదు. తనే పళ్ళ మధ్య నొక్కిపెట్టుకుంది.

కుర్చీ టప్పున మడుచుకుంది. తెర తెల్లబడింది. దీపాలు వెలిగాయి.

"రీలు తెగింది వదినా!" పైనుంచి మరిది కేక. "సరిగ్గా రైలు దగ్గరే... అదేంటి, ఏడుస్తున్నావా?"

ఆమె తలుపు తోసుకుని బయటపడింది. బయట కళ్ళు చెదిరే ఎండ. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, కొంగుతో మొహం తుడుచుకోబోయి, ఆగిపోయింది.

మణికట్టు దాకా కుడిచెయ్యి రంగు పోయి ఉంది. గోళ్ళూ, గీతలూ, చర్మం... అంతా బూడిదా తెలుపూ. కొంగుతో రుద్దింది. పోలేదు. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

ఆ బూడిదరంగు మీద, సన్నగా, ఆగకుండా, వాన పడుతోంది.