ఆకు గుర్తు పైముద్ర

"మీరు భలే అదృష్టవంతులండీ," అంది నాణేల అమ్మాయి, భూతద్దం కంటికి ఆనించుకుని. "ఈ ముద్ర ఏ పుస్తకంలోనూ లేదు."

వీధి చివర తాళాలు బాగుచేసే తాళాలబ్బాయి చటుక్కున చూపు పక్కకు తిప్పుకున్నాడు.

బయట సన్నగా వాన. కిటికీలోంచి వచ్చే తడి వెలుగు ఆమె చెంప మీద కదులుతోంది. ఈ పాత నాణేల కొట్టు అతనికి ఎప్పుడూ కలలో చూసిన గదిలాగే ఉంటుంది. సెలవొస్తే మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని ఏటి ఒడ్డంతా తిరుగుతాడు. దొరికింది తెచ్చి ఆమె ముందు పెడతాడు. ఒక రాజు నాణెం మీద ఇంకో రాజు తన గుర్తు కొట్టి చెలామణి చేసుకునేవాడనీ, దాన్నే పైముద్ర అంటారనీ ఆమె చెబుతుంటే నోరు వెళ్ళబెట్టి వింటాడు.

ఈమధ్య ఏటి ఒడ్డున ఏమీ దొరక్క డిటెక్టర్ కూయడం మానేసింది. ఉత్త చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? అందుకే తన దగ్గరున్న ఓ అరిగిన రాగి నాణెం మీద, తాళాలకు గుర్తు వేసే పంచ్‌తో ఆకు బొమ్మ కొట్టి, పోయిన వారం తెచ్చిచ్చాడు.

"రేపు మా నాణేల సంఘం మీటింగులో చూపిస్తున్నా. కొత్త ముద్రంటే మాటలా!"

చెబితే మళ్ళీ గడప తొక్కనివ్వదు. చెప్పకపోతే రేపు నలుగురిలో ఆమె నవ్వులపాలవుతుంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"చూపించకండి. అది నేనే కొట్టాను."

"ఎందుకు?"

"తేవడానికి ఇంకేం దొరకలేదు. మిమ్మల్ని చూడకుండా ఉండలేకపోయాను."

ఆమె భూతద్దం దించింది. "తెలుసు."

"ఎలా?"

"పాత ముద్రయితే గీతల్లో మట్టి, చిలుము పేరుకుంటాయి. మీ ఆకేమో తళతళలాడుతోంది. మొదటిరోజే చూశా."

"మరి మీటింగు?"

"మీటింగూ లేదు, గీటింగూ లేదు. మీ అంతట మీరు చెబుతారా లేదా అని చూశాను. వారం నుంచి నిద్ర లేదు తెలుసా? చెప్పకపోతే ఈ మనిషిని మర్చిపోవాలి కదా అని ఒకటే భయం."

అతని కాళ్ళు నేల మీద ఆనలేదు.

"నవ్వకండి, కోపం పోలేదింకా. బంగారంలాంటి పాత నాణెం పాడుచేశారు. వచ్చేవారం ఉత్త చేతులతోనే రండి."

"ఎందుకొచ్చావని మీ నాన్నగారు అడిగితే?"

"నా కోసమని చెప్పండి."

లోపలి గదిలో ఎవరో దగ్గారు.

"వినపడిందిలేవయ్యా," అన్నాడు వాళ్ళ నాన్న. "ఎంతసేపలా నిలబడతావు, లోపలికొచ్చి కూర్చో."