రసజ్ఞ మెయిల్ ఎవరు తెరిచారు?

కంపెనీ వేయబోయే టెండర్ రేటు పోటీ కంపెనీకి చేరిపోయింది.

1999 ఆగస్టు, మాదాపూర్. కొత్తగా లేచిన అద్దాల మేడలో నాలుగో అంతస్తు. బుధవారం మధ్యాహ్నం 1.20కి ఆ రేటు ఈ-మెయిల్‌లో బయటికి వెళ్ళింది. వెళ్ళింది ప్రోగ్రామర్ రసజ్ఞ సొంత మెయిల్ నుంచి. గురువారం పొద్దున్నే దాని కాపీ యజమాని బల్లమీద ఉంది.

"పాస్‌వర్డ్ నీదే. ఇంకెవరు పంపుతారమ్మా?" అన్నాడు మేనేజర్ పట్టాభిరామయ్య, ఎంతో నొచ్చుకుంటున్నట్టు. "సాయంత్రంలోగా రాజీనామా ఇచ్చెయ్. కేసు లేకుండా చూస్తాను."

రసజ్ఞ రాజీనామా ఇవ్వలేదు. ఆటో ఎక్కి తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ రాజరాజేశ్వరికి కోపం ముక్కుమీదే ఉంటుంది. బెదిరిస్తే ఆడపిల్ల చెయ్యని తప్పు కూడా నెత్తిన వేసుకుంటుందని నమ్మేవాళ్ళంటే ఆమెకి మరీ ఒళ్ళుమంట.

"పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"లేదండి. ఎక్కడా రాసుకోలేదు కూడా."

"మెయిల్ చివరిసారి ఎప్పుడు చూశావు?"

"నిన్న పొద్దున. సాయంత్రం నుంచి పాస్‌వర్డ్ తప్పు అంటోందండి. లైన్ బాగాలేదేమో అనుకున్నా."

రాజరాజేశ్వరి రాయడం ఆపింది.

"పాస్‌వర్డ్ తెలిసినవాడు దాన్ని మార్చడు. తెలియనివాడే మార్చి లోపలికి వెళ్తాడు. మరిచిపోతే కొత్తది ఎలా పెట్టుకుంటారు?"

"రహస్య ప్రశ్న ఒకటి ఉంటుందండి. పది ప్రశ్నల్లో మనమే ఎంచుకోవాలి. జవాబు కొడితే చాలు."

"నువ్వేది ఎంచుకున్నావు?"

రసజ్ఞ చెప్పింది. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది.

"ఆ సంగతి ఇంకెవరితోనూ అనకు."

నాలుగింటికి మేనేజర్ గదిలో అందరూ కూర్చున్నారు.

"ఆఫీసులో నెట్ ఉన్నది ఒక్క కంప్యూటర్‌కే. నిన్న ఒంటిగంటకి దాని దగ్గర ఎవరు?" అడిగింది రాజరాజేశ్వరి.

"నేనే మేడం," అన్నాడు ఆ కంప్యూటర్ చూసుకునే కుమార్. "జర సేపే ఉన్న. ప్రింటర్ ఖరాబైందని మేనేజర్ సార్ కిందికి తోలిండు. మళ్ల వచ్చేసరికి రెండైంది."

"రోహిత్, నువ్వు?"

రసజ్ఞ పక్క సీటు కుర్రాడు తల దించుకున్నాడు. "సిగరెట్‌కి వెళ్ళానండి. ఎవరూ చూడలేదు."

"రసజ్ఞ రహస్య ప్రశ్నకి జవాబు తెలిసినవాడే దొంగ. నీకు తెలుసా?"

"ప్రశ్నే తెలీదండి."

"కుమార్?"

"నాకేం ఎర్క మేడం."

పట్టాభిరామయ్య కుర్చీలో అసహనంగా కదిలాడు. "ఇదేం దర్యాప్తండీ? తల్లి పుట్టింటిపేరు తెలియడం నేరమా? సంబంధాలు మాట్లాడే ప్రతివాడికీ తెలుస్తుంది."

"ప్రశ్న అదని మీకెవరు చెప్పారు?"



"ఊహించాను," అన్నాడు పట్టాభిరామయ్య.

"పదింటిలో సరిగ్గా అదే? ఆమె పేరు, పుట్టినతేదీ కొడితేగాని ఆ ప్రశ్న తెరమీదికి రాదు. కుమార్‌ని కిందికి పంపింది మీరు. టెండర్ రేటు వేసిందీ మీరే."

రసజ్ఞ లేచి నిలబడింది.

"మా మేనల్లుడికి చూస్తున్నామమ్మా అన్నారు సార్. పుట్టినతేదీ అడిగారు, నక్షత్రం అడిగారు, మా మేనమామల ఇంటిపేరు అడిగారు. పెద్దవాళ్ళంతా అడిగేవే కదా అని అన్నీ చెప్పానండి."

"విన్నావా?" రాజరాజేశ్వరి బల్లమీద గుద్దింది. ఇక మర్యాదలు లేవు. "పాస్‌వర్డ్ జాగ్రత్తగా దాచుకుంది పిల్ల. నువ్వు పెళ్ళి పేరు చెప్పి తాళంచెవి లాక్కున్నావు. రేటు అమ్ముకుని నింద దానిమీద పడేశావు. సిగ్గులేదూ?"

పట్టాభిరామయ్య చెమట తుడుచుకున్నాడు.

"సార్," అంది రసజ్ఞ, "అసలు మీకు మేనల్లుడున్నాడా?"

ఆయన లేడన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఉన్నాడనుకుని మా అమ్మ నెల్లాళ్ళుగా చుట్టాలందరికీ చెప్పుకుంటోంది. వచ్చిన ఇంకో సంబంధం కూడా వద్దని పంపేసింది."

రాజరాజేశ్వరి ఫోన్‌ని ఆయన ముందుకి తోసింది.

"నంబర్ ఆ అమ్మాయి చెబుతుంది. వాళ్ళమ్మకి నీ నోటితో నువ్వే చెప్పు. తర్వాత జీపెక్కుదువుగాని."