ఎడారిలో కారిన నీళ్ళడబ్బాలు

డిటెక్టివ్ కుర్చీ చూపించినా డ్రైవరు భార్య కూర్చోలేదు.

"అన్నయ్యా, సాయంత్రం ఐదింటికి కంపెనీవాళ్ళు మా ఆయన్ని పోలీసులకి అప్పజెప్తారట. నీళ్ళడబ్బాలు పొడిచింది ఆయనేనట."

డిటెక్టివ్ పేపరు మడిచాడు. అసిస్టెంటుగా చేస్తున్న బావమరిది వెంటనే నోట్‌బుక్కు తెరిచాడు. బావ పేపరు మడిచాడంటే కేసు సగం తేలినట్టేనని అతని నమ్మకం.

అగ్నిపర్వతాలూ ఎడారులూ తిప్పే టూర్ల కంపెనీ అది. ఈసారి ఓనరే బృందంతో వెళ్ళాడు. పొగలు కక్కే కొండ మీద రెండు రోజులుండి, అటునుంచి ఎడారిలో దిగారు. సగం దారిలో చూస్తే మూడు డబ్బాలు ఖాళీ. మిగతా నీళ్ళు చాలక గొంతులు పిడచకట్టుకుపోయి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డారు. అంతకుముందే డ్రైవరు సెలవు కోసం ఓనరుతో గొడవపడ్డాడు. ఇంకేం, నేరం అతని నెత్తికి చుట్టుకుంది.

ముగ్గురూ కంపెనీ షెడ్డుకి వెళ్ళేసరికి ఓనరు ఎదురొచ్చి, మూలన నిలబెట్టిన డ్రైవర్ని చూపించాడు. "పాలుపోసి పెంచిన పామండీ వీడు."

"పాముల సంగతి తర్వాత. డబ్బాలు ఎక్కడున్నాయి?"

"ఈ మూడూ మాతో కొండ పైకొచ్చాయి. మిగతావి కింద జీపులో, వీడి దగ్గర. దిగాక వీటినీ మళ్ళీ నింపి వీడే ఎక్కించాడు. అప్పుడే పొడిచుంటాడు."

"పైన చలా?"

"ఎముకలు కొరికేసింది. అయినా నేను స్నానం మాననండి. రెండు పూటలా వేన్నీళ్ళే."

డిటెక్టివ్ వాళ్ళతో కొండెక్కిన వంటాయన వైపు తిరిగాడు. "పైన ఏం వండావు బాబాయ్?"

"ఏం వండుతానండీ, స్టవ్వు జీపులోనే మర్చిపోతేనూ. రెండు రోజులూ ఎండు రొట్టెలే. ఓనరుగారి తిట్లు నంచుకుని తిన్నాం."

బావమరిది డబ్బాలు తిరగేశాడు. "బావా, కత్తిగాటు లేదు. మూడూ అడుగునే పగిలాయి. ప్లాస్టిక్కు మైనంలా కరిగి, మళ్ళీ బిగుసుకున్నట్టుంది."

"నీకూ కళ్ళున్నాయిరా. మీ అక్కే నమ్మదు."

డిటెక్టివ్ అందర్నీ జీపు చుట్టూ నిలబెట్టాడు.

"కింద జీపులో ఉన్న డబ్బాలకి ఏమీ కాలేదు. పైకెళ్ళినవే కారాయి. అవి అడుగు నుంచి కాలాయి. పైన స్టవ్వు లేదు, వేన్నీళ్ళు మాత్రం ఉన్నాయి. ఎలా కాచారండీ?"

ఓనరు ఒక డబ్బా తిప్పి అడుగు చూశాడు.

"పొగ వచ్చే చోట నేల కాలిపోతోంది. డబ్బాలు దానిమీద పెట్టాను. ఊరికే వచ్చే వేడి కదా అని..."

"అడుగులు మెత్తబడి పలచనయ్యాయి. ఎడారి గతుకుల్లో పగిలాయి. అందర్నీ చంపబోయింది ఎవరో కాదు, మీ స్నానం."

 ఓనరు వెళ్ళి డ్రైవరు చేతులు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది తమ్ముడూ."

"ఒక్కటిద్దామనే ఉంది సార్," అన్నాడు డ్రైవరు. "కానీ ఎడారిలో మీ నాలుక కూడా అట్టకట్టుకుపోయింది. కళ్ళారా చూశాగా."

ముందుగా నవ్వింది వంటాయన. డ్రైవరు భార్య గోడకి చేరగిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, ఏడుపు ఆపండి. మీ అబ్బాయి రాత్రికి ఇంట్లోనే తింటాడు."