తెప్పలో పదకొండు పేర్లు

సుబ్బరాజు బ్రీఫింగ్ నిమిషంలో ముగిసింది.

"శత్రు నౌకాదళంలో మనవాళ్ళు పదకొండుమంది, మురళీ. గుట్టు బయటపడేలా ఉంది. వాళ్ళ పేర్లు, ఫ్రీక్వెన్సీలు ఈ ఒక్క చిప్‌లోనే ఉన్నాయి. బుధవారం ఆరింటికి వాళ్ళు ఆఖరిసారి రేడియో తెరుస్తారు. ఆలోగా ఇది పెర్త్‌లోని మన రేడియో కేంద్రానికి చేరాలి."

ఇవాళ బుధవారం. మధ్యాహ్నం రెండు దాటింది. ఏజెంట్ బాలమురళి మాత్రం హిందూ మహాసముద్రంలో, ఆరడుగుల రబ్బరు తెప్పలో ముడుచుకుని కూర్చున్నాడు. విమానం ఇంజన్లు రెండూ ఒకేసారి ఎందుకు ఆగిపోయాయో ఎవరికీ తెలియదు. ఆపదలో సంకేతం పంపే అతని బీకన్‌లో బ్యాటరీ ఎలా మాయమైందో కూడా తెలియదు. కాళ్ళు చాపితే పైలట్ కౌశల్‌కి తగులుతాయి, ఒత్తిగిలితే నావిగేటర్ వైశాలికి తగులుతాయి. నెత్తిన నారింజరంగు గుడ్డ పైకప్పు ఉడికించేస్తోంది. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం ఒక్క సంచీ మిగిలింది.

మూడు రోజులుగా నీళ్ళు పంచుతున్నది వైశాలే. పెదాలు పగిలినా అందం చెక్కుచెదరని మనిషి.

"ఇవాళ ఏకాదశి. నేను మంచినీళ్ళు కూడా ముట్టను. మీరిద్దరూ తాగండి," అంది.

"ఆర్ యూ ష్యూర్, అక్కా?" అన్నాడు కౌశల్. ఆస్ట్రేలియాలోని పాయింట్ కుక్‌లో పుట్టిన కుర్రాడు, ఏకాదశి అంటే ఏమిటో కూడా అడగకుండా గటగటా తాగేశాడు.

బాలమురళికి కళ్ళు చెమర్చాయి. సంచీ నోటిదాకా తెచ్చి ఆగాడు. వాళ్ళమ్మ ముప్ఫై ఏళ్ళుగా ఏకాదశులు వదలకుండా చేస్తోంది. ఉపవాసం ఉండే ఇంట్లో తిథి చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది. నిన్న పొద్దుగూకుతుంటే తూర్పున నిండు చంద్రుడు లేచాడు. అంటే ఇవాళ పాడ్యమి. ఈవిడకి భక్తి నేర్పినవాళ్ళు ఆకాశం చూడడం నేర్పలేదు.

తాగినట్టు నటించి వెనక్కి వాలాడు. కౌశల్ అప్పటికే గురకపెడుతున్నాడు. కాసేపటికి వైశాలి లిప్‌స్టిక్ తీసి అడుగుభాగం తిప్పింది. ఎర్ర లైటు వెలిగింది. ఆమె చెయ్యి చిప్ దాచిన అతని బూటు మడమ మీదికి రాగానే మణికట్టు పట్టుకున్నాడు.

వైశాలి బెదరలేదు. "చేపల ఓడ వేషంలో మావాళ్ళ ట్రాలర్ ఇరవై నిమిషాల్లో వస్తుంది. ఎక్కడికి పోతావు, మురళీ?"

ఇంతకాలం మురళిగారు. ఇప్పుడు ఉత్త మురళి. నిజమే, అతను ఎక్కడికీ పోలేడు. పెనుగులాడి తెప్ప తాడుతో ఆమె చేతులు కట్టాడు, నోట్లో రుమాలు కుక్కాడు. లిప్‌స్టిక్‌లోంచి చిటికెనవేలంత బ్యాటరీ ఊడదీసి తన బీకన్‌లో దూర్చాడు. బీకన్ బీప్‌మంది. నారింజరంగు పైకప్పు ముగ్గురి మీదికీ లాగి, నీళ్ళ రంగులో కలిసిపోయేలా దాని మీద నీలం అడుగుపట్టా కప్పేశాడు.

సందులోంచి చూస్తే ట్రాలర్ కనబడింది. సిగ్నల్ పోయింది కాబట్టి అలల మధ్య అటూ ఇటూ వెతుకుతోంది. ఎనిమిదొందల మీటర్లు. నాలుగొందలు. బాలమురళి చిప్‌ని పిడికిట్లో పట్టుకుని నీళ్ళలో ముంచాడు. వదిలేస్తే శత్రువుకి దొరకదు, కానీ ఆ పదకొండుమందినీ పిలిచేవాడు ఉండడు. జీవితంలో ఎన్నడూ వెయ్యనంత భయం వేసింది. ట్రాలర్ ముందుభాగం సరిగ్గా తెప్ప వైపు తిరిగింది.

పిడికిలి వదులవుతుండగా పైన విమానం మోత వినిపించింది. మన గస్తీ విమానమే. అది నీళ్ళను రాసుకుంటూ దూసుకొచ్చేసరికి ట్రాలర్ తోకముడిచింది.

తర్వాత వచ్చిన హెలికాప్టర్‌లోంచే పేర్లు పెర్త్ చేరాయి, ఆరుకి రెండు నిమిషాలుండగా. ఆరూ పదికి హెడ్‌ఫోన్‌లో సుబ్బరాజు గొంతు వినిపించింది. "పదకొండుమందీ పలికారు, మురళీ. బయల్దేరారు."

బాలమురళి సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఎదురుగా రెస్క్యూ అతను ఫారం నింపుతూ, ప్రాణాలతో బయటపడినవాళ్ళు ఎంతమందని అడిగాడు.

"పద్నాలుగు," అన్నాడు బాలమురళి. "ఒకరికి సంకెళ్ళు కావాలి."

అతను క్యాబిన్‌లో ఉన్న ముగ్గురినీ రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఫారంలో 'తీవ్రమైన వడదెబ్బ' అని రాసుకున్నాడు.